ఒక్క సెకను మెదడు

ఒంగోల్లో ఎం.సి.ఎ. చివరి సంవత్సరం చదువుతూ నేనొక మెదడు తయారు చేద్దామనుకున్నాను. విదేశాల్లో ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లలో మనిషి మెదడును కణం కణంగా అల్లుతున్నారని పేపర్లో చదివాను. అంతే, కాళ్లు నేల మీద నిలవలేదు. వాళ్లకు గదుల నిండా యంత్రాలుంటే మా ల్యాబ్‌లో ఇరవై లేవా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంది మా అమ్మ. నాకు మీసాలు కూడా లేవు.

ఇరవైనీ వైర్లతో కలిపి, లెక్కల్లోనే కొన్ని వేల మెదడు కణాల్ని పుట్టించి, ఒకదానికొకటి కబుర్లు పంపుకునేలా ప్రోగ్రాం రాశాను. ఆ మెదడు ఒక్క సెకను బతకడానికి మా కంప్యూటర్లకు మూడు రోజులు పట్టేది. దసరా సెలవుల్లో ల్యాబ్ ఖాళీగా ఉంటుందని అప్పుడు మొదలుపెట్టాను. కాలేజీ తెరిచిన రోజే వైవా. ఆ సెకను చూపించకపోతే ప్రాజెక్టు గోవిందా.

రెండు రోజులయ్యాక మా ఊరు చీరాలలో రైలెక్కి, ఎగురుకుంటూ వచ్చి చూద్దును కదా, ప్రతి మానిటర్‌కూ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఒక్కటీ వెలగడం లేదు.

"ఇయ్యాళ ఆయుధపూజ కదమ్మా! వీటితో పని చేయించగూడదు. అన్నీ ఆపేసి దణ్ణం పెట్టా," అన్నాడు ల్యాబ్ చూసుకునే పెద్దాయన, ముఖం వెలిగిపోతుంటే.

"చంపేశావు బాబాయ్! రెండు రోజుల్నించీ నడుస్తోంది. పోయింది మొత్తం!"

"అయ్యో! ఎంతసేపటి పనమ్మా అది?"

"ఒక్క సెకను."

"సెకనుకా ఈ గోలంతా!"

ఏడవాల్సిన దాన్ని పడీపడీ నవ్వాను. మధ్యమధ్యలో అప్పటిదాకా అయిన లెక్క దాచిపెట్టుకోవాలన్న ఇంగితం లేనిది నాకే కదా. మర్నాడు మొదలుపెడితే వైవా వేళకు సరిగ్గా మూడు రోజులు. బాబాయ్ జనరేటర్‌లో డీజిల్ పోయించి, గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ప్రిన్సిపాల్‌గారిని కూడా లోపలికి పోనివ్వలేదు.

వైవా రోజు తెర మీద పత్తికాయలు పగిలినట్టు తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే విచ్చుకుని, ఉన్నట్టుండి అన్నీ కలిసి అలలాగా కదిలాయి. నేను ఎగిరి గంతేశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లద్దాలు సర్దుకున్నారు.

"బాగానే ఉందమ్మా. ఇంతకీ ఇది ఏం పని చేస్తుంది?"

నా బుర్ర ఠక్కున ఆగిపోయింది. తెర మీదది మాత్రం నడుస్తూనే ఉంది.

గుమ్మంలోంచి బాబాయ్ అందుకున్నాడు. "పుట్టి సెకను గూడా కాలేదు కదండీ! అప్పుడే పనికి పంపమంటే ఎట్టాగండీ?"

పరీక్షకుడు నవ్వుతూనే నా ప్రాజెక్టు మీద సంతకం పెట్టారు. అందుకే అది కాస్త వంకరగా పడింది.