అతుకుల అవ్వకు ఇనాం ఎవరియ్యాలె

మొన్న సాయంత్రం షోలాపూర్‌లో హోట్గి రోడ్డు మీద మా కాలనీ గేటు దగ్గర కూర్చున్న ముసలోళ్లలో ఒకాయన తన ఓడ ప్రయాణం ముచ్చట తీశాడు. ముంబైలో ఓడెక్కి కొన్నాళ్లు తిరిగొచ్చాడు. సముద్రం ఎట్లా ఉందో ఒక్క మాట చెప్పలేదు. ఓడలో అన్నం వడ్డించినవాళ్లకు, పక్కబట్టలు మార్చినవాళ్లకు ఇనాం అని మనిషికింత చొప్పున ముందే బిల్లులో పట్టుకున్నారట. అదే ఆయన బాధ.

"ఇనాం అంటే నా ఇష్టంతోని నేనిచ్చేది. వాళ్లు గుంజుకునుడేంది?" అన్నాడు.

"పాపం, పొట్ట కోసం నీళ్ల మీద బతుకుతరు. ఇస్తే నీదేం పోయింది?" అన్నాడు పక్కాయన.

నేను ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోయాను. "ఓడ ఎవరిది? పని చేయించుకునేది ఎవరు? పగార్ వాడియ్యాలె. మీరిద్దరు ఎందుకు కొట్లాడుకుంటున్నరు?" అన్నాను. ఇద్దరూ ఒక్కటై నా మీదికి వచ్చారు. "ఓడ సంగతి నీకేం ఎరుక?" అన్నారు.

ఓడ సంగతి నాకు తెలియదు. ఇనాం సంగతి తెలుసు. ఈ తగువు నేను కుంఠా నాకా దగ్గర, చేతిమగ్గాల కార్ఖానాలో, నయా పైసలు వచ్చిన కొత్తలో ఆడాను. న్యాయం అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. అయినా ఓడిపోయాను.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. మా అక్క మొగుడు, అంటే మా బావ, కార్ఖానా నడిపే సావుకారుతో మాట్లాడి తన పక్క మగ్గమే నాకు ఇప్పించాడు. ఆ సంగతి బతికినంత కాలం నాకు గుర్తు చేస్తూనే ఉన్నాడు. రేకుల కప్పు కింద వరసగా గుంట మగ్గాలు. గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా నేయడం. మధ్యాహ్నం నా భార్య సద్ది తెస్తే బయట వేపచెట్టు కింద కూర్చుని తినడం. అదీ మా రోజు.

మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయే ముందు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. ముడి వేయకూడదు. ముడి వేస్తే దువ్వెన పళ్లలాంటి పన్నె సందుల్లో ఇరుక్కుని తెగుతుంది. రెండు కొసలు కలిపి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టాలి. మెలి వదులైతే ఊడుతుంది, బిగువైతే తెగుతుంది. మా కార్ఖానాలో ఆ పని చేసేది అవ్వ.

ఆమె అందరికీ అవ్వే, ఎవరికీ సొంత అవ్వ కాదు. మొగుడు పోయాక చెల్లెలి వెంట కరీంనగర్ దిక్కు నుంచి షోలాపూర్ వచ్చింది. తర్వాత చెల్లెలు కూడా పోయింది. పాత పొడుం డబ్బాలో పిడకల బూడిద పోసుకుని, మగ్గం వెనక కాళ్లు చాపుకుని కూర్చునేది. పడుగు చాటున మనిషి కనబడదు, నోరు మాత్రం వినబడుతుంది. ఎవరింట్లో కూర మాడింది, ఏ అత్తకూ ఏ కోడలికీ మాటల్లేవు, అన్నీ ఆ పోగుల వెనక నుంచే వచ్చేవి. మేము నవ్వుతూ నేసేవాళ్లం. అవ్వ రాని రోజు కార్ఖానాలో ఏదో అరిష్టం జరిగినట్టుండేది.

పడుగు అతకడం పూర్తయిన రోజు ఆ మగ్గం మనిషి కొబ్బరికాయ కొట్టాలి. ఒక చిప్ప అవ్వ ఒళ్లో పెట్టాలి. చిప్పలో ఇనాం వేయాలి. అప్పుడు అవ్వ పడుగు అంచున ఒక పసుపు పోగు కట్టేది. అంతకు ముందు ఇనాం రెండణాలు. నయా పైసలు వచ్చాక రెండణాలంటే పన్నెండా పదమూడా అని మగ్గాల మధ్య పెద్ద గొడవ. అవ్వే తేల్చేసింది: "నాకు లెక్కలు రావు నాయినా, పదిహేనియ్యుండ్రి."

సావుకారు కూడా అవ్వకు పడుగుకింత అని ఇచ్చేవాడు. అయితే తక్కువ. ఎందుకు తక్కువ అంటే, "మీరిస్తరు గదా" అనేవాడు. నా కడుపు మండింది ఆ మాటకే.

నా మొదటి పడుగు అతకడం అయ్యింది. కొబ్బరికాయ కొట్టాను, చిప్ప అవ్వ ఒళ్లో పెట్టాను. పైసలు పెట్టలేదు. మర్యాదగానే చెప్పాను. "అవ్వా, నీకు పూరా పగార్ సావుకారే ఇయ్యాలె. నేనిస్తే ఆయనకు ఇంక తక్కువిచ్చే ధైర్యం వస్తది."

అవ్వ చిప్పలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. తర్వాత కార్ఖానా అంతటికీ వినబడేట్టు అంది: "పోనియ్ పిలగా. కొత్త పెండ్లి. ఇంట్ల ఖర్సులుంటయ్."

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. బావ నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను న్యాయం చెబితే ఆమె నన్ను బీదవాణ్ని చేసి, పైగా జాలి పడింది. తిట్టినా మరిచిపోయేవాణ్ని. అరవై ఏళ్లు దాటినా ఆ జాలిని మరిచిపోలేదు.

కానీ నేను సద్ది తిని లోపలికి వచ్చేసరికి నా పడుగు అంచున కూడా పసుపు పోగు కట్టి ఉంది. నా మాటలో న్యాయముందని ముసలామెకు కాస్త ఆలస్యంగా తెలిసొచ్చిందనుకున్నాను. మనసు కొంచెం చల్లబడింది. తర్వాత వచ్చిన ప్రతి పడుగుకూ అంతే. నేను ఇనాం పెట్టను, ఆమె పసుపు పోగు కట్టకుండా ఉండదు.

ఆ మొదటి రోజు రాత్రి మా ఇంట్లోనూ పంచాయితీ జరిగింది. నా భార్య చాటలో ఆకులు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అవ్వకు ఇనాం ఇయ్యలేదట గదా?" అంది.

"నీకెవరు చెప్పిండ్రు?"

"కుంఠా నాకా అంత చెప్పుకుంటున్నరు."

"నువ్వు బీడీలు చుట్టిస్తే నీకెవరన్న ఇనాం ఇస్తున్నరా?"

"ఇచ్చుడా? కట్టలు చూసి తీసుకునేటోడే మా దగ్గర ఒక కట్ట ఇనాం గుంజుకుంటడు."

"నేను చెప్పేది గదే! ఇనాం అన్నదే ఖరాబ్."

"నువ్వు చెప్పింది ఎప్పుడు తప్పయింది గనక," అని దారం తెంపింది. ఆమె నాతో ఏకీభవించిందని నేననుకున్నాను.

తర్వాతి వానాకాలంలో నూలు దొరకలేదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఇళ్లు ఆడవాళ్ల బీడీల మీద నడిచాయి. అవ్వకు అదీ లేదు. పడుగు రాకపోతే అతుకు లేదు, అతుకు లేకపోతే సావుకారు ఇచ్చేదీ లేదు, మేమిచ్చే ఇనామూ లేదు. అయినా రోజూ పొద్దున బూడిద డబ్బా పట్టుకుని కార్ఖానాకు వచ్చి, ఆగిన మగ్గాల మధ్య కూర్చుని కబుర్లు చెప్పేది. కబుర్లలో బలం తగ్గిపోయింది. ఒకరోజు మా గడపలో కూర్చుని "ఆకలి లేదు బిడ్డా" అంటూనే నా భార్య పెట్టిన జొన్నరొట్టె చివరి ముక్క దాకా తిన్నది. గిన్నె కడగడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇనాం మీద బతికే మనిషికి, ఇచ్చేవాడి పొయ్యి ఆరిపోతే తన పొయ్యీ ఆరుతుంది. సావుకారు ఇంట్లో మాత్రం ఆ వానాకాలమంతా పొయ్యి మండింది. అవ్వకు నెల జీతం కట్టించాలని, పడుగు ఉన్నా లేకున్నా ఇంత అని ఇప్పించాలని అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాను.

నూలు వచ్చింది. కొత్త పడుగులు మగ్గాలకు ఎక్కాయి. పూజ చేయడానికి సావుకారు కార్ఖానాకు వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మా కష్టసుఖాలు అడిగేవాడు. పైసల మాట వచ్చినప్పుడు మాత్రం చెవులు పని చేసేవి కావు. అందరూ బెల్లం తింటుండగా నేను గుంటలోంచి లేచి నిలబడ్డాను.

"సావుకార్, అవ్వకు నెల పగార్ కట్టుండ్రి."

"ఎందుకు రే? నేనిస్తున్న, మీరిస్తున్నరు. బరాబర్ నడుస్తున్నది గదా."

"నూలు లేనప్పుడు ఎవరిచ్చిండ్రు?"

బావ ఎప్పుడూ నన్ను వెక్కిరించేవాడు, ఆ రోజు నా పక్కన నిలబడ్డాడు. "ఖరంచ్ ఆహే సావుకార్. ఈ పారి మా బామ్మర్ది మాట నిజమే," అన్నాడు.

"అరే, మీకు తెల్వది," అన్నాడు సావుకారు. "చేతిల ఏదన్న పడుతదన్న ఆశ ఉంటేనే వేళ్లు సక్కగ నడుస్తయ్. పగార్ కట్టి కూసోబెడితే పోగు మీద ధ్యాస ఉంటదా? ఇనాం ఉన్నదనే అతుకు నిలబడుతున్నది."

ఆయన ఆ మాట అంటాడని నాకు తెలుసు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను.

"నా మగ్గం చూడుండ్రి సావుకార్. ఇన్ని పడుగులయినయ్, నేను ఒక్క పైస ఇనాం ఇయ్యలే. ఒక్క అతుకు ఊడిందా? అందరికి కట్టినట్టే నాకు గూడ పసుపు పోగు కట్టింది. ఇనాం కోసం చేసే మనిషైతే నా పడుగు ఎట్ల నిలబడ్డది?"

సావుకారు నా మగ్గం దగ్గరికి వచ్చాడు. వంగి, పడుగు మీద అరచేత్తో నిమిరాడు. అతుకులు చేతికి తగిలీ తగలనట్టు ఉన్నాయి. చాలాసేపు అట్లానే నిమిరాడు.

"నెలకు ఎంతనుకుంటున్నవ్ రే?" అన్నాడు.

ఆ మాట ఆయన అన్నాడు. నేను విన్నాను, బావ విన్నాడు. అవ్వ జీతం గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

అప్పుడు పడుగు వెనక నుంచి గొంతు లేచింది. "ఎవడన్నడు ఇయ్యలేదని?"

"అవ్వా, నువ్వు ఊకో."

"ఎందుకూకుంట? ప్రతి పడుగుకు నీ పెండ్లాం ఇచ్చింది. సద్ది తెచ్చి నిన్ను చెట్టు కింద కూసోబెట్టి, ఇటు నుంచి వచ్చి నా చేతిల పెట్టింది. అందరికన్న ఎక్కువనే పెట్టింది. ఆ బిడ్డ బీడీలు చుట్టి ఇస్తే, పది మందిల నిలబడి ఇయ్యలేదంటవా? నోరెట్లొచ్చింది?"

కార్ఖానా కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆయనకు ముందే తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు. సావుకారు పైపంచెతో కళ్లు తుడుచుకుని, "చూసినవా? ఇనాం పడ్డది గనకనే అతుకు నిలబడ్డది. నువ్వే చూపిచ్చినవ్ గదా రే," అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నెలకు ఎంత అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అందరూ మగ్గాల్లోకి దిగాక అవ్వ దగ్గరికి వెళ్లాను.

"కొంచెం సేపు నోరు మూసుకుంటే నెల పగార్ వచ్చేది గదా అవ్వా?"

"వచ్చేదే."

"మరి?"

"మరి ఆ బిడ్డ ఇచ్చింది ఎటు పోవాలె?" అని, వేళ్లకు బూడిద అద్దుకుని తర్వాతి పోగు అందుకుంది.

ఇంటికి వెళ్లి నా భార్యను నిలదీశాను. "నాకు చెప్పకుంట ఎందుకిచ్చినవ్?"

"నీ మాట నీది, నా చెయ్యి నాది. నిన్ను ఇయ్యమన్ననా?"

"పది మందిల నా పరువు పోయింది."

"నా పరువు మొదటి పడుగు నాడే పోయింది. కొత్త పెండ్లి, ఇంట్ల ఖర్సులుంటయ్ అన్నదట. ఆ ఖర్సు నేనే గదా? అట్లాంటియి నీకొక్కనికే యాదుంటయా?"

అవ్వతో కొన్నాళ్లు మాట్లాడలేదు. నేను మాట్లాడలేదన్న సంగతి ఆమె గమనించలేదు. ఎప్పటిలాగే పోగుల వెనక నుంచి నాతో కబుర్లు చెబుతూనే ఉంది. కోపం నిలబెట్టుకోవడానికి నేను పడ్డ కష్టం ఎవరికీ తెలియదు.

తర్వాత బావ ఒక ఏర్పాటు చేశాడు. మగ్గాలు ఆగిన రోజుల్లో అవ్వ వంతుల వారీగా ఒక్కో ఇంట్లో తినాలి. నేను ఒప్పుకోలేదు. "ఇది గూడ సావుకారు బరువు మనం మోసుడే," అన్నాను.

"అయితే నీ వంతు తీసేద్దమా?"

"నా వంతెందుకు తీస్తవ్? ముందుగాల మా ఇంట్లనే తినాలె," అన్నాను.

తిన్నది. మొదటి ముద్దకే పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందంది. అది నేను చేసిన పచ్చిపులుసు.

పగార్ ఇచ్చే ప్రతిసారీ నేను సావుకారును అవ్వ జీతం గురించి అడిగాను. ప్రతిసారీ "చూద్దాం రే" అన్నాడు. చివరికి ఒక దీపావళికి అవ్వను ఇంటికి పిలిచి చీర పెట్టాడు. కార్ఖానా అంతా సావుకారును మెచ్చుకుంది. అడిగింది జీతం, వచ్చింది ఇంకో ఇనాం. ఆ తేడా ఒక్కడికీ పట్టలేదు.

అవ్వ ఆ చీర కట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. లోపల నా భార్య పండక్కి గర్జెలు, అదే కజ్జికాయలు, వేయిస్తోంది. నేరేడుపండు రంగు, సన్నటి అంచు. గడపలో నిలబడి కొంగు ఇట్లా అట్లా తిప్పి చూపించింది.

"ఎట్లున్నది పిలగా?"

"పగార్ ఏది అవ్వా?"

"ముందుగాల చీర ఎట్లున్నదో చెప్పు."

బాగుందన్నాను. బాగుంది కాబట్టే బాగుందన్నాను. మిగతా దాంట్లో నేను వెనక్కి తగ్గలేదని, పగార్ ఇచ్చేదాకా సావుకారును వదిలేది లేదని అప్పటికప్పుడే ఆమె మొహం మీద చెప్పాను.

"వదలకు," అంది అవ్వ, కొత్త చీర నలగకుండా మెల్లగా పీట మీద కూర్చుంటూ. "వదలకు గానీ, బిడ్డను గర్జెలు పెట్టమను."