యాదగిరి బండి కంటే ఎక్కువ దూరం

మా తోడల్లుడు యాదగిరి లిథియం బ్యాటరీ ఆటో కొన్నప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది. నాదీ కరెంటు ఆటోనే, కాని సీసం బ్యాటరీ. పొద్దుటి గిరాకీకే నీరసపడుతుంది. మధ్యాహ్నం కిషన్‌బాగ్‌లో ఇంటికి తెచ్చి ఛార్జింగు పెట్టాల్సిందే. మొన్న అతని బండెక్కి వచ్చిన మా ఆవిడ, "ఫ్లైఓవర్ మస్తు ఎక్కింది, కుదుపే లేదు" అంది. అంతే, కొత్త బ్యాటరీకి బయానా ఇచ్చి రావాలని మంగళవారం బయలుదేరాను.

బండిని ఛార్జింగుకు పెట్టి, వేడి వేడి పప్పుచారు అన్నం తిని, ఒంటిగంట దాటాక బహదూర్‌పురాలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు. దానికీ కుళ్లుకున్నాను. ఎండలో, హారన్ల లొల్లిలో చాంద్రాయణగుట్ట చేరేసరికి రెండు దాటింది.

యాదగిరికి బ్యాటరీ అమ్మిన ఖాదర్ భాయ్ చాయ్ తెప్పించి మూడు రకాలు చూపించాడు. సీసంది చవక, కాని బరువు, తొందరగా ముసలిదవుతుంది. లిథియంలో రెండు రకాలు. ఇనుము కలిపింది ఎండకు తట్టుకుంటుంది, ఏళ్లతరబడి నిలుస్తుంది. నికెల్ కలిపింది తేలిక, ఎక్కువ దూరం పోతుంది, వేడికి మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

"మా యాదగిరిది ఏ రకం?"

"ఇనుముది."

"అయితే నాకు నికెల్‌ది ఇయ్యి."

"గల్లీల తిరిగెటోనికి గంత దూరం ఎందుకు భాయ్? దినమంత ఎండల నిలవడ్తవ్."

"వానికంటె ఎక్కువ పోవాలె, గంతే."

బయానా తీయబోతుంటే దుకాణం ముందు యాదగిరి ఆటోనే ఆగింది. ఎవరినో దింపి నన్ను చూశాడు. దొంగలా దొరికిపోయాను. "రేపు ఫోన్ చేస్త భాయ్" అని గొణిగి అతని బండెక్కాను.

ఫ్లైఓవర్‌కు కొంచెం ఇవతల పక్కకు ఆపి, సీటు కింద నుంచి టిఫిన్ డబ్బా తీశాడు. మూడు దాటింది. అన్నం చల్లబడి గడ్డకట్టింది.

"నసీబ్ అంటె నీదే అన్నా" అన్నాడు. "నీ బ్యాటరీ పగటిపూట అయిపోతది, ఇంటికి వోయి వదిన వెడ్తె వేడివేడిగ తింటవ్. నాది అలిసిపోదు, నన్ను ఇంటికి పోనియ్యది. దినాం గిదే సల్లన్నం."

నేను అక్కడే ఫోన్ తీశాను.

"ఖాదర్ భాయ్, ఇనుముదే ఇయ్యి. కాని చిన్నది. మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేది."

యాదగిరి నమలడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఇన్ని నెలలుగా అద్దంలో చూస్తున్నదే. తర్వాత ఫ్లైఓవర్ నిజంగానే కుదుపు లేకుండా ఎక్కాం. కిషన్‌బాగ్ దాకా అతను అద్దంలో నన్నే కొరకొరా చూస్తూ బండి నడిపాడు. నాకు మాత్రం ప్రయాణం చాలా హాయిగా సాగింది.