ఒక్కపొద్దు షుగర్

షుగర్ వల్ల మా ఆయన కాలివేళ్లు రెండు తీసేశారని తెలిసిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "గోలీలు సక్కగ వేస్కోకపాయె, నిర్లక్ష్యం జేసిండు." మా ఇంట్లో కూర్చుని, నేనిచ్చిన చాయ్ తాగుతూ మరీ అంటారు. నేను ఊరుకోను. ఆయన గోలీ తప్పలేదు, దవాఖానకు పోవడమూ తప్పలేదు. తప్పి ఉంటే తిట్టుకోవడానికైనా మాకొక కారణం దొరికేది.

మాది వరంగల్ కొత్తవాడ. ఆయన కాళ్లు గుంటలో దించి తొక్కే గుంటమగ్గం మీద జంపఖానాలు నేసేవారు. ఒకనాడు నేత మధ్యలో ఆపి గుంటలోకి వంగి చూస్తున్నారు.

"ఏమైందయా?"

"కాలు కర్ర మీద ఉన్నదో లేదో తెలుస్తలేదు."

తొక్కుడు కర్రలను ఆయన కళ్లతో వెతుక్కోవడం నేను అంతవరకు ఎరగను.

మా వాడ దవాఖానలో షుగర్ వాళ్లను మంగళవారం చూస్తారు, ఆయన నెలకోసారి పోయేవారు. ఆ వారం నేనూ వెంట వెళ్లాను. నర్సు వేలికి పొడిచి చూసి, "అన్నా, నీ షుగర్ బంగారం. అందరు నీ లెక్కనే ఉంటే నా పని అల్కగైతది" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను తిమ్మిర్ల సంగతి డాక్టరమ్మకు చెప్పాను.

"రిపోర్ట్ నార్మల్ ఉంది కదమ్మా. బీ కాంప్లెక్స్ రాస్తాను."

"పాదం చూడరా మేడం? ఏడాదికోసారి పాదాలు, కండ్లు చూడాలె, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయాలె అని గోడకు మీరే కాగితం అంటించిన్రు గదా!"

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే నయం, నాకు వాదించే వీలుండేది.

"అది నేనే అంటించాను. ఆ టెస్టుకు శాంపిల్ పంపితే కెమికల్ లేదని వెనక్కి వస్తోంది. ఒక్కసారి బయట లైన్ చూడండి. ఒక్కొక్కరి కాలు పట్టుకుని కూర్చుంటే, జ్వరం పిల్లలను ఎవరు చూడాలి?"

మా ఆయన చెప్పులు గది బయటే విడిచి, ఒట్టి కాళ్లతో ఆమె ముందు నిలబడి ఉన్నారు. కిందికి చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

తర్వాత కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. నొప్పి లేదు గనుక ఆయనకు తెలియలేదు. వాసన వచ్చాక మాకు తెలిసింది. పెద్ద దవాఖానలో మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేశారు. సర్జన్ రిపోర్టు చూసి, "నెలనెలా నార్మల్ అంటున్నారు, ఇదేమో ఇంతుంది. పరీక్షకు ముందు ఏం తింటావు?" అని అడిగాడు.

"నేను ఒక్కపొద్దుంట సార్" అన్నారు మా ఆయన, శభాష్ అంటాడేమోనన్నట్టు. "సోమారం పొద్దుగాల ఒక్కసారి తింట. మల్ల మంగళారం నెత్తురిచ్చినంకనే. ఒక్కపొద్దుతోని రమ్మని సిస్టర్ మొదట్లనే చెప్పింది."

నర్సు ఉద్దేశం పొద్దున ఏమీ తినకుండా రమ్మని. మా ఇళ్లలో ఒక్కపొద్దంటే దేవుడి పేరున రోజంతటికీ ఒక్క పూట భోజనం. సోమవారం కాబట్టి శివుడికే ఉంటున్నారనుకున్నాం మేం. సర్జన్ నవ్వలేదు. "అందుకే ఆ పొద్దున షుగర్ తగ్గి కనిపించింది. మిగతా రోజుల సంగతి ఎవరూ చూడలేదు. పెంచాల్సిన డోసు పెంచలేదు" అన్నాడు.

వేళ్లు తీసేశాక నేను కొట్లాడటానికే వాడ దవాఖానకు పోయాను. నర్సు కళ్లనీళ్లు పెట్టుకుంది. "అక్కా, పరగడుపు అంటే చాయ్ తాగొస్తాన్రు. దేవుని మాట జెప్తె జర భయముంటదని ఒక్కపొద్దన్న."

ఆమె చెప్పిందీ తెలుగే, ఆయన విన్నదీ తెలుగే. ఎవరి మీద అరవను? నోరు పెద్దదని పేరున్నదాన్ని, పోయిన దారినే తిరిగొచ్చాను.

ఇప్పుడు ఆయన మగ్గం గుంటలోకి దిగలేరు. పైన కూర్చుని నూలు కండెలు చుడతారు. మందుల డోసు మారింది. అయినా ఎడమ కాలిలోనూ తిమ్మిరి మొదలైంది. స్నానం కాగానే ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు, అరికాలు చూస్తాను. "నీకు ఊకె అనుమానమే" అని విసుక్కుంటారు గానీ కాలు మాత్రం తీసుకోరు. నేను చదివింది బీఏ. అందులో నరాల గురించి ఏమీ లేదు.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే నేను చెప్పేది ఒక్కటే. పరీక్ష ముందు రోజు రోజూలాగే తిననివ్వండి, రోజూలాగే గోలీలు వేసుకోనివ్వండి. రాత్రి భోజనం తర్వాత మాత్రమే తిండి ఆపాలి, మంచినీళ్లు తాగొచ్చు. మంచి రిపోర్టు కోసం ఉపవాసాలు వద్దు.

ఆ డాక్టరమ్మకు బదిలీ అయింది. ఎడమ పాదం చూడమని కొత్తాయనను అడిగితే, "పరికరాలు లేవమ్మా, పెద్ద దవాఖానకు పోండి" అన్నాడు. అక్కడికి పోతే, "పుండు లేదు కదా, ఇది మీ వాడ దవాఖాన పని, పుండు పడితే రండి" అన్నారు. మరి పుండు పడని పాదాన్ని చూసే డాక్టరు ఎక్కడ కూర్చుంటాడు?