పెళ్ళి టైర్లు

పోయిన నెలలో ఆత్మకూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికొడుకును పాతకాలపు కారులో ఎక్కించి తెచ్చారు. నెల్లూరు నుంచి అద్దెకు తెప్పించారట. ముందు రెండు గుండ్రటి లైట్లు, పక్కన కాలు పెట్టి ఎక్కే పలక, బానెట్ నిండా బంతిపూలు. కుర్రకారంతా సెల్‌ఫోన్లు పైకెత్తి దాని చుట్టూ మూగారు. పెళ్ళికొడుకు దిగేలోగా నేను పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరును వేలితో నొక్కి చూశాను. "చెవికమ్మ పడిపోయిందా అత్తా?" అంటూ ఎవరో అమ్మాయి నాతోపాటు నేలంతా వెతకడం మొదలుపెట్టింది. లేదమ్మా అని లేచాను. మోకాళ్ళు పట్టేశాయి గాని మనసు కుదుటపడింది. టైర్లు కొత్తవే. పెళ్ళికి పోయి పెళ్ళికొడుకు కంటే ముందు టైర్లు చూసే ఈ జబ్బు నాకు ఊరికే రాలేదు.

ఉదయగిరిలో మా పెదనాయనకు చింతపండు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారం ఉండేది. మా నాయన నా చిన్నతనంలోనే పోవడంతో నన్ను పెంచిందీ, పెళ్ళి చేసిందీ ఆయనే. మా తాత ఎప్పుడో మద్రాసులో కొన్న నల్లకారు ఒకటి ఆయన వాటాకు వచ్చింది. దాన్ని ఆయన కారులాగా ఏనాడూ చూడలేదు. వెనక సీటు తీసేసి మిరపకాయల బస్తాలు వేసేవాడు, మనుషులు ఎక్కాల్సి వస్తే మళ్ళీ సీటు బిగించేవాడు. అందుకని ఆ కారెక్కి తుమ్మకుండా దిగినవాళ్ళు లేరు. పెళ్ళికూతుళ్ళకు అదొక సౌకర్యం. పుట్టింటి నుంచి పోయేటప్పుడు కంట తడి పెట్టలేదని ఎవరూ ఆడిపోసుకునే వీలు లేకుండా, ఊరు దాటేలోగా కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి.

ఆ కారుకు చక్రాలు రెండు సెట్లు. ఒకటి రోజువారీ వాడకానికి. వాటి టైర్లు అరిగితే మార్చడం, పగిలితే అతుకు వేయించడం మామూలే. రెండోది పెళ్ళి సెట్టు. కారుతోపాటే విదేశం నుంచి వచ్చిన సీమ టైర్లు అవి. ఉదయగిరి రాళ్ళ దారులకు అంత మంచి సరుకు ఎందుకని మా తాత వాటిని చక్రాలతో సహా విప్పించి దాచిపెట్టాడట. దేవుడి గది పక్కన చీకటి గదిలో, పలకల మీద, ఉతికిన పంచె కప్పుకుని ఉండేవి. పురుగు పట్టకుండా మధ్యలో వేపాకు. ప్రతి ఉగాదికీ పెద్దమ్మ వాటికి ఆముదం రాసేది. పిల్లలకు తలంటి, మిగిలిన ఆముదం గిన్నెతో ఆ గదిలోకి పోయేది. టైర్లు మా తలల్లాగే నిగనిగలాడేవి. ఫ్యాక్టరీలో అచ్చులోంచి తీసినప్పుడు పైన మిగిలిపోయే సన్నటి రబ్బరు నూగు కూడా వాటికి అలాగే ఉండేది.

ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి అనగానే ముందురోజు పెదనాయన జాకీ ఎత్తి మోటు చక్రాలు విప్పేసి, ఇవి బిగించి, పసుపు కుంకుమ పెట్టేవాడు. అప్పగింతలు కాగానే మళ్ళీ విప్పి, కడిగి, తుడిచి చీకటి గదికి చేర్చేవాడు. "మిరపకాయలకు ఏవైతేనేం. బిడ్డను ఎక్కించేటప్పుడు మంచివి ఉండాల," అనేవాడు. ఇందులో తప్పు మాకెవరికీ కనిపించలేదు. కట్టని చీర చిరగదు, తిరగని టైరు అరగదు అన్నది మా ఇంటి లెక్క.

కొన్నేళ్ళ కింద మా అమ్మాయి పెళ్ళి ఆత్మకూరులో కల్యాణ మండపంలో కుదిరింది. పిల్ల మా పుట్టింటి నుంచే బయల్దేరాలని పెదనాయన పట్టు. మా ఆయన మాత్రం ఏసీ కారు మాట్లాడతానన్నాడు. ఎండలు మండిపోతున్నాయి, పిల్ల ముఖానికి రాసినదంతా కారిపోతుందని ఆయన బాధ. పెదనాయన నవ్వాడు.

"ఏంది అల్లుడూ, అంతమాత్రానికే కరిగిపోతాదా బిడ్డ? నీ పెళ్ళాం నీ దగ్గరికి వచ్చింది కూడా ఈ చక్రాల మీదనే. నీకేమన్నా తక్కువైందా?"

దానికి జవాబు చెబితే ఇంట్లో అన్నం పుట్టదని తెలిసిన మనిషి కాబట్టి మా ఆయన చుట్టాలతో బస్సులో ముందు పోయాడు. నేనూ అమ్మాయీ వెనక సీట్లో కూర్చున్నాం. పెదనాయన తలపాగా చుట్టుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు. డెబ్బై దాటినా ఆ రోజు ఆయన చేతిలో కారు గుర్రంలా మాట వినింది. రోడ్డు కొత్తగా వేశారు, నున్నగా ఉంది. మేం తుమ్ముతుంటే ఆయన అద్దంలో చూసి నవ్వుతూ ఇంకాస్త వేగం పెంచాడు.

ఆత్మకూరు ఇంకా కొంత దూరం ఉందనగా, తిరునాళ్ళలో ఔటు టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు. కారు ఎడమకు లాగేసింది. పెదనాయన రెండు చేతులతో స్టీరింగును కుడికి తిప్పుతున్నాడు, కారు మాత్రం ఎడమకే పోతోంది. ఎదురుగా కల్వర్టు గోడ పెద్దదవుతూ వచ్చింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నాకు దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. రోడ్డు పనికి పోసి వదిలేసిన కంకర కుప్పలోకి కారు దూసుకుపోయి, కరకరమని కూరుకుని ఆగిపోయింది.

అమ్మాయి నుదురు ముందు సీటుకు కొట్టుకుని బాసికం తెగి ఒళ్ళో పడింది. కనుబొమ మీద నిమ్మకాయంత బొప్పి. అంతే, అంతకు మించి దెబ్బలు లేవు. తలుపు తీసి కాలు కింద పెట్టబోయి ఆగిపోయాను. కింద నేల లేదు. ముందు చక్రం కల్వర్టు అంచు దాటి గాలిలో ఉంది. దాని కింద ఎండిన వాగు, రాతి గుండ్లు. రెండో వైపు నుంచి దిగి రోడ్డు మీదనే కూర్చుండిపోయాను.

పెదనాయన పేలిన టైరు ముక్క ఒకటి తీసుకుని చూస్తున్నాడు. దాని మీద రబ్బరు నూగు అలాగే ఉంది. రెండు చేతులతో వంచాడు. వేయించిన అప్పడంలాగా విరిగింది. ఆయన వెనక చక్రం దగ్గరికి పోయి, పైకండువాతో ఆముదం మెరుపును గట్టిగా తుడిచాడు. కింద అంతా నెర్రెలు. ఒక నెర్రెలో బొటనవేలి గోరు పెడితే గోరంతా లోపలికి పోయింది. మిగిలిన రెండూ అంతే.

"కొత్తవే గదా పాపా ఇవి," అన్నాడు నాతో. "ఒక్క రవ్వ కూడా అరగలేదే."

వెనక నుంచి షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులో ఉన్నవాళ్ళు కూలికి పోతున్న ఆడవాళ్ళు. పట్టుచీరలో పెళ్ళికూతుర్నీ, గాలిలో వేలాడుతున్న చక్రాన్నీ చూసి వాళ్ళే దిగిపోయారు. "ముందు నువ్వు ఎక్కమ్మా. మేం వెనకాల బండికి వస్తాం," అంది ఒకామె. అమ్మాయి బొప్పి మీద తన కొంగు తడిపి అద్దింది కూడా. పెదనాయన మాత్రం ఆటో ఎక్కనన్నాడు. "ముహూర్తం దాటిపోతాది, మీరు పోండి. నేను రాను," అని కంకర మీద కూర్చున్నాడు. బతిమాలే సమయం లేదు.

తాళి కట్టించుకున్నాక అమ్మాయి మండపమంతా వెతికింది. పెద్దతాత అక్షింతలు వేయందే విస్తరి ముందు కూర్చోనంది. మా కొత్త అల్లుడు మంచివాడు, అక్షింతల పళ్ళెం తనే తీసుకున్నాడు. ముగ్గురం కారు మాట్లాడుకుని వెనక్కి వచ్చాం. మేం వదిలిపోయిన చోటనే ఉన్నాడాయన, ఎండలో, తలపాగా కూడా లేకుండా. పిల్లలిద్దరూ ఆ రోడ్డు పక్కనే ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టారు. నేను ఆయన గుప్పిట్లో అక్షింతలు పోశాను. ఆయన వాటిని చల్లలేదు. రెండో చేత్తో అమ్మాయి బొప్పిని తడిమి, నా వైపు చూశాడు.

"నీ పెళ్ళికి కూడా వీటి మీదనే తీసుకుపోయినాను గదా, పాపా."

"అప్పుడివి బాగానే ఉండినాయి పెదనాయనా," అన్నాను.

"ఎక్కడ బాగుండినాయి? నీకంటే ముందు పుట్టినాయివి."

నా పెళ్ళినాటి ప్రయాణం కళ్ళముందు కదిలింది. ఇదే రోడ్డు, ఇదే కల్వర్టు. ఒళ్ళో ఒడిబియ్యం, ముక్కులో మిరపకాయల ఘాటు, ముందు సీట్లో పెదనాయన ఏదో కూనిరాగం. జీవితంలో అంత ధీమాగా నేను ఇంకెప్పుడూ ప్రయాణం చేయలేదు. నాకంటే ముందు ఆయన ఇద్దరు కూతుళ్ళూ అలాగే అత్తారింటికి చేరారు. పెదనాయన గుప్పిట విప్పి అక్షింతలన్నీ ఒక్కసారిగా పిల్ల తలమీద పోసేసి, ముఖం కండువాలో దాచుకుని ఏడ్చాడు. మేమంతా ఆయన జాగ్రత్త వల్లనే క్షేమంగా చేరామని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాం. ఒక్కొక్కరినీ ఆ రోడ్డు మీద కాలమే చూసీ చూడనట్టు వదిలేసిందని ఆ కంకర కుప్ప దగ్గర తెలిసింది.