బూట్లాయన చెప్పిన అబద్ధం

బూట్లాయనకు ఒకటే పిచ్చి: ఎదుటివాళ్ల ముఖం కన్నా ముందు పాదాలు చూస్తాడు. "కడిగారా?" అన్నదే ఆయన పలకరింపు. ఒక పెళ్లిలో ఆయన పెళ్లికొడుకు చెప్పులు తిరగేసి చూశాడని, భార్య సిగ్గుతో ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కదు.

డాక్టరేటు వచ్చినా బుద్ధి రాలేదనీ, గబ్బిలాలను చంపే బూజు జన్యువుల మీద పడ్డాడనీ మామగారు ఎత్తిపొడిచేవాడు. ఆ బూజు మట్టిలో దాక్కుని మనుషుల బూట్లతో గుహ నుంచి గుహకు పోతుంది. అందుకే గుహ బయట బూట్లు కడగడానికి మందునీళ్ల తొట్టి, బ్రష్షు. మూలలకైతే పళ్లు తోముకునే బ్రష్షు.

"సార్, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి" అని ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మొత్తుకునేది.

"మంచిదే తల్లీ, బ్రష్షు జారదు. తోము."

ఆ చలికాలం, వాళ్లు పరిశీలించే మూడు గుహల్లో రెండోదానిలో గబ్బిలాలు చచ్చి రాలిపోయాయి. అడుగు పెట్టే చోటు లేదు. ఆ కొత్తమ్మాయే వాటిని సంచిలోకి ఎత్తింది. బూట్లాయనే జన్యువులు చదివి చెప్పాడు: అది మొదటి గుహలోని బూజే. ఆ రెండు గుహల గబ్బిలాలు ఎన్నడూ కలవలేదు. మోసుకెళ్లింది మనుషులే.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. మొదటి గుహ దగ్గర వాన ముంచుకొచ్చిన రోజు తను బూట్లు కడగకుండానే జీపెక్కింది. మర్నాడు అవే బూట్లతో రెండో గుహకు వెళ్లింది.

డైరెక్టరు అందరినీ పిలిచాడు. "ఎవరు కడగలేదు? ఇవాళే ఇంటికి పంపేస్తాను."

ఆమె నోరు తెరిచేలోపే బూట్లాయన లేచాడు. "నేనేనండి. మరిచిపోయాను."

"నువ్వా? నిరుడు నా కారు టైర్లు కూడా కడిగించావు కదయ్యా."

"ఆ అలసట ఇంకా తీరలేదండి."

ఆయన్ని పంపేస్తే ఆ జన్యువులు చదివే దిక్కు లేదు. అందుకని డైరెక్టరు "ఏడాదిపాటు ఏ గుహలోనూ అడుగు పెట్టకు" అన్నాడు. బూట్లాయనకు అది ఉద్యోగం పోయినంత పని.

"ఎందుకు సార్ అబద్ధం చెప్పారు?" వరండాలో ఆమె ఏడ్చేసింది.

"అబద్ధమెక్కడమ్మా? జీపులో నీ కాళ్ల కింద మట్టి చూశాను. తడిసి వణుకుతున్నావని ఆ పూట ఊరుకున్నాను. మర్నాడు అడుగుదామనుకుని మరిచాను."

మూడో గుహలో గబ్బిలాలు ఇంకా బతికే ఉన్నాయి. ఆయన బదులు ఆమె వెళ్లింది. అక్కడ సంచి తెరిస్తే ఆమె బూట్లు అప్పటికే మందునీళ్ల వాసన కొడుతున్నాయి. మహానుభావుడు లేసులకు ఇస్త్రీ కూడా చేశాడు.

ఆమె నవ్వుకుంటూ వాటిని మళ్లీ కడిగింది.