రాజయ్య అరికాళ్ళు

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు షుగర్ చూపించమనే రకం నేను. శవం పక్క గదిలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పిన రోజులున్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఏదీ కనబడలేదు, వినబడలేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఏమనాలో తెలియక రాస్తున్నాను.

2011లో శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఐసీయూ నర్సుగా చేసేదాన్ని. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి, మేమెవరమూ తల ఎత్తేవాళ్ళం కాదు. మహేశ్వరం దగ్గరి ఊరి నుంచి రాజయ్య అనే రైతును తెచ్చారు. అరవై దాటిన మనిషి. పెద్ద గుండెపోటు, బీపీ కొలతకు అందనంత పడిపోయింది. నిద్రమందు ఇచ్చి, గొంతులో ట్యూబు వేసి, డోపమిన్ మొదలుపెట్టాం.

ఇప్పుడు సెల్‌ఫోన్ పిచ్చి గురించి చెప్పేటప్పుడు అందరూ ఈ డోపమిన్ అనే మాట వాడుతున్నారు. మాకు మాత్రం అది చిన్న గాజు ఆంప్యూల్‌లో వచ్చే మందు. నీరసించిన గుండెను గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. మోతాదు పెంచితే రక్తనాళాలను బిగించి బీపీని నిలబెడుతుంది. ఆ బిగింపుకే కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. ఆపితే నిమిషాల్లో దాని బలం పోతుంది. అందుకే మందును కొద్దికొద్దిగా ఎక్కించే పంపులో ఒక సిరంజి అయిపోకముందే రెండోది తయారుగా పెట్టుకుంటాం.

రాజయ్య భార్య లక్ష్మమ్మ. విజిటింగ్ టైంలో వచ్చి, మొదటిరోజే ఆయన పాదాలు ముట్టుకుని కంగారుపడింది. వాళ్ళ ఊళ్ళో మనిషి చల్లబడితే శొంఠిపొడి పెట్టి అరికాళ్ళు రుద్దుతారట. కొంగు ముడిలో పొడి తెచ్చుకుంది కూడా. ఇక్కడ కుదరదన్నాను, మందు వల్లే చల్లబడ్డాయని చెప్పాను.

"గట్లనా. గుండె సంగతి మీరు సూసుకోండ్రి బిడ్డా, కాళ్ళు నేను సూసుకుంట."

అప్పటినుంచి ఉత్త చేతులతోనే రుద్దేది. విజిటింగ్‌కిచ్చే ఐదు నిమిషాలు కాగానే చెప్పకముందే లేచిపోయేది. అంత మాట వినే మనిషిని నేను చూడలేదు.

మూడోరోజు పొద్దున పదకొండుకు నేను కొత్త సిరంజి పెట్టాను. అప్పుడే లక్ష్మమ్మ లోపలికి వచ్చింది. పక్క మంచం పేషెంటు ట్యూబు పీక్కోవడంతో నేను అటు పరుగెత్తాను. మధ్యలో పావుగంటకోసారి వచ్చి రాజయ్య బీపీ రాశాను. 104, 106, 102. ఆమె పాదాలు పట్టుకునే ఉంది. రుద్దడం లేదు, రెండు అరచేతుల్లో గట్టిగా పట్టుకుంది. టైం అయిందని రెండుసార్లు చెప్పినా కదల్లేదు.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువనగా నాకు కోపం వచ్చింది. నా నోరు మంచిది కాదు. ఇది మీ ఇల్లనుకున్నారా అన్నాను.

"జర ఆగు బిడ్డా," అంది. "ఇప్పుడు ఇడిస్తె మనిషి దక్కడు."

నేను వినలేదు. భుజం పట్టి లేపి, బయటికి పంపి తలుపు వేశాను.

ఐదు నిమిషాలు కాలేదు, మానిటర్ మోగింది. బీపీ 78. మళ్ళీ చూస్తే 60. పంపు వేగం పెంచినా లాభం లేదు. కొత్త సిరంజి అందుకుందామని మందుల ట్రే వైపు తిరిగితే, పదకొండింటి సిరంజి కోసం తీసిపెట్టిన రెండు డోపమిన్ ఆంప్యూళ్ళు అక్కడే ఉన్నాయి. మెడలు విరగలేదు. నిండుగా ఉన్నాయి.

అప్పట్లో మా అలవాటు ముందు సిరంజిలో సెలైన్ తీసుకుని, పేరూ టైమూ రాసిన లేబుల్ అంటించి, చివర్లో మందు కలపడం. ఆ పొద్దున లేబుల్ అంటించాక ఫోన్ వస్తే వెళ్ళాను. తిరిగొచ్చి, లేబుల్ చూసి, మందు కలిపేశాననుకుని పంపుకి పెట్టేశాను. యాభై నిమిషాలు ఆయన ఒంట్లోకి ఎక్కింది ఉప్పునీళ్ళు.

వెంటనే మందు కలిపి పెట్టాను. తర్వాత తలుపు తీశాను. ఆమె తలుపుకు ఆనుకునే నిలబడి ఉంది. రమ్మన్నాను. వచ్చి పాదాలు పట్టుకుంది. పది నిమిషాల్లో బీపీ తొంభై దాటింది. మందుకు లేచిందో, ఆమె చేతులకు లేచిందో నేను చెప్పలేను.

డాక్టరుగారికి ఆ రోజే చెప్పేశాను. తిట్టారు, తిట్టాల్సిందే. సిరంజి నుంచి ఒంట్లోకి వెళ్ళే సన్నటి గొట్టంలో మిగిలిన మందు పావుగంట వరకు వచ్చి ఉంటుందన్నారు. మరి మిగతా అరగంట పైన సంగతేమిటంటే, ఒక్కో గుండె ఒక్కోలా ఉంటుందన్నారు. అలాగైతే ఆమె లేవగానే బీపీ ఎందుకు పడిపోయినట్టు?

రాజయ్య బతికాడు. డిశ్చార్జి రోజు లక్ష్మమ్మను పక్కకు పిలిచి, నా తప్పంతా చెప్పి ఏడ్చాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. నా తల మీద చెయ్యి పెట్టి, తనకు ఎరుకనే అంది.

ఎలా ఎరుకని అడిగాను.

"ఆయననే చెప్పిండు బిడ్డా. సూదిల మందు లేదే, కాళ్ళు ఇడువకు అన్నడు. నీకు చెప్తనంటె వద్దన్నడు. పిల్ల పరేషానైతది అన్నడు."

ఆ రోజు రాజయ్య గొంతులో ట్యూబు ఉంది, నిద్రమందు నడుస్తోంది. వీల్‌చైర్‌లో కూర్చున్న ఆయన్నే అడిగాను. తనకేమీ యాదిలేదన్నాడు. నా ముఖం చూసి, అన్నం తిన్నవా బిడ్డా అని అడిగాడు.