హనుమక్కకు వడ్డించిన పూట

హెబ్బగోడిలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలుండే ఒక పీజీ హాస్టల్లో హనుమక్క వంటమనిషి. అంతమందికీ వండి, వడ్డించి, అందరూ తిన్నాక అడుగున మిగిలిన చల్లటి అన్నం తాను తినేది. వంటమనిషి బతుకు ఇంతేనని సరిపెట్టుకున్నా, ఒక్క కోరిక మాత్రం ఆమెను వదల్లేదు. ఎవరైనా వడ్డిస్తుంటే తాను కూర్చుని తినాలి. అంతే. అదేమంత గొంతెమ్మ కోరిక కాదు గానీ, మడకశిర నుంచి వచ్చి ఇన్నేళ్లయినా తీరలేదు.

ఆదివారం సాయంత్రం హాస్టల్లో పొయ్యి వెలిగించరు. అలాంటి ఒక సాయంత్రం, అక్కడే గదులు ఊడ్చే రేణుక, అదే హాస్టల్లో ఉంటూ గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే స్వప్న కలిసి ఆమెను బలవంతాన హోటల్‌కు బయల్దేరదీశారు.

"ఈ పొద్దు నువ్వు ఊరికే కూచోవాల అక్కా," అంది రేణుక.

ఆ హోటల్ వాళ్లు దీపాల మీద పెట్టిన శ్రద్ధలో కాస్తయినా వంట మీద పెట్టి ఉంటే బాగుండేది. రాగి సంగటి చల్లారి గట్టిపడింది. నాటుకోడి పులుసులో నీళ్లే ఎక్కువ. సర్వర్ గిన్నెలు బల్ల మీద పెట్టేసి తన దారిన వెళ్లిపోయాడు.

గిన్నె కనబడటమే ఆలస్యం, హనుమక్క లేచి గరిటె అందుకుంది. రేణుకకు, స్వప్నకు వడ్డించింది. పక్క బల్ల దగ్గర ముసలాయన ప్లేటు ఖాళీగా కనిపిస్తే, గిన్నెతో అటు కూడా ఒక అడుగు వేసింది. ఆయన బిత్తరపోయాడు. స్వప్న పకపకా నవ్వింది. హనుమక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లు కోరుకున్న పూట వస్తే, దాన్ని తన చేతులే పాడుచేశాయని ఏడుపొచ్చింది.

ఆ కళ్లు చూసి స్వప్న నవ్వు ఆపేసింది. లేచి గరిటె లాక్కుంది.

"కూచో అక్కా, నేనేస్తా."

ఆమె ప్లేట్లో సంగటి పెట్టి, మధ్యలో గుంట చేసి, పులుసు పోసింది. గిన్నెలో మిగిలిన రెండు ముక్కలూ ఏరి ఆమెకే వేసింది. హనుమక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ గరిటెనే చూస్తూ కూర్చుంది.

ఈలోగా రేణుక ఒక ముద్ద మింగి మొహం చిట్లించింది. "థూ, ఇదేం పులుసప్పా! ఉప్పూ లేదు, కారమూ లేదు. వాపస్ ఇచ్చేద్దాం. నీ ప్లేటు కూడా ఇట్లియ్యి అక్కా."

అప్పటికే రెండు ముద్దలు తిన్న హనుమక్క ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులే రేణుకా. బాగలేదని నాకూ తెల్సు." ప్లేటు స్వప్న వైపు జరిపింది. "ఇంకొంచెం ఎయ్యి."